ఫీజీ దీవులలో తట్టు, 1875

మన పల్లెలలో రెండు తరాల క్రిందటి వరకు తట్టు పోయని బిడ్డ అరుదు. మాఘ ఫాల్గుణాలలో ఏ ఇంటనో ఒక పసివానికి జ్వరం తగిలి, కన్నులు ఎర్రబారి, ముక్కు కారి, మూడు నాలుగు దినాలకు చెవుల వెనుకనుండి ఎర్రని దద్దురు ముఖం మీదికి, ఒంటి మీదికి దిగివచ్చేది. గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఇంట పోపు వేసేవారు కారు. పొరుగువారు గడప దాటి లోనికి రావడానికి జంకేవారు. దద్దురు ఇగిరిన తరువాత వేపాకు వేసి కాచిన నీళ్ళు బిడ్డ తలకు పోసి, గండం గడిచిందనుకునేవారు. గడవని ఇళ్ళూ ఉండేవి. ఐనా ఆ సంగతి ఊరి జ్ఞాపకంలో ఎక్కువ కాలం నిలిచేది కాదు.

స్ఫోటకం విషయం వేరు. దానిని పెద్దమ్మవారన్నారు, జాతరలు చేశారు, పాటలు కట్టారు. తట్టు చిన్నమ్మవారు. ఒక జిల్లాలో పొంగు అనేది మరొక జిల్లాలో తట్టు. ఆటలమ్మతో దీనిని కలిపి చెప్పేవారూ ఉన్నారు. ఆంగ్ల ప్రభుత్వపు ఆరోగ్యశాఖ వార్షిక నివేదికలలో సైతం ఈ తారతమ్యమే కనిపిస్తుంది. కలరాకు, స్ఫోటకానికి, తరువాత ప్లేగుకు విడి విడి గడులున్నవి. తట్టువల్ల పోయిన పిల్లలు మాత్రం జ్వరాల గడిలోనో, ఇతర కారణాల గడిలోనో కలిసిపోయినారు. చరిత్రకారునికి ఇంతకంటె చిక్కు లేదు. అందరికీ వచ్చిపోయేదానిని ఎవరూ వ్రాసిపెట్టరు.

అందుచేత తట్టు చరిత్ర తెలియవలెనంటే అది నిత్యం మసలే దేశాలను వదిలి, ఎన్నడూ ఎరుగని దేశానికి పోవలసి ఉన్నది. నేను ఎంచుకొన్నది పసిఫిక్ మహాసముద్రంలోని ఫీజీ దీవులు, 1875వ సంవత్సరం. ఆ కథలో మన కృష్ణా, గోదావరి, విశాఖపట్టణం జిల్లాల ప్రజల ప్రసక్తి కొంత ఆలస్యంగా వస్తుంది, కాని తప్పక వస్తుంది.

ముందు వ్యాధి స్వభావాన్ని గురించి రెండు మాటలు. మన మాధవనిదానంలో మసూరికను వర్ణించిన అధ్యాయంలోనే రోమాంతిక అనే మరొక రూపం చెప్పబడినది. ముందు జ్వరం, పిదప రోమకూపాల వద్ద ఎర్రని పొక్కులు, దగ్గు, అరుచి: లక్షణాలు చూస్తే తట్టే అని పోల్చుకోవచ్చును. పదవ శతాబ్ది ఆరంభంలో పారసీక వైద్యుడు అల్ రాజీ ఈ రెంటినీ ఒక గ్రంథంలో వేరుపరిచి చూపినాడు. కన్నులకు కలిగే హాని మాట అటుంచితే, స్ఫోటకంకంటె తట్టుకే ఎక్కువ భయపడవలెనని ఆయన అభిప్రాయం. మన వాడుకలోని పెద్ద చిన్న అంతస్తులను ఆ మహావైద్యుడు తలక్రిందులు చేసినాడన్నమాట.

తట్టుకు కారణమైన వైరసు పశువులకు వచ్చే రిండర్‌పెస్ట్ వైరసుకు జ్ఞాతి. అది పశువులనుండి మనుష్యులకు సంక్రమించి, క్రీస్తుకు పూర్వం ఆరవ శతాబ్ది ప్రాంతాన విడివడి ఉండవచ్చునని 2020లో వెలువడిన ఒక పరిశోధన ఊహించినది. మనిషి వెలుపల దానికి నిలువ నీడ లేదు. ఒకసారి సోకి కోలుకొన్నవానికి అది మరల రాదు. అంటే అది బ్రతకడానికి ఎప్పటికప్పుడు క్రొత్తగా పుట్టిన పిల్లలు కావలెను. రెండున్నర లక్షలనుండి అయిదు లక్షలవరకు జనం ఒకచోట ఉంటే తప్ప, పుట్టే పిల్లల సంఖ్య దానికి చాలదని లెక్కవేసినారు. నగరాలు పెరిగిన దేశాలలో అది నిత్యనివాసి. అక్కడ పెద్దలందరికీ చిన్ననాడే వచ్చిపోయి ఉంటుంది గనుక మిగిలేది పసివారే. తట్టును పిల్లల జబ్బు అనడంలోని రహస్యమింతే. జబ్బుకు వయసుతో నిమిత్తం లేదు. జనాభా దట్టంగా ఉండి, రాకపోకలు సాగే దేశంలో పుట్టినందున మనకది పిల్లల జబ్బు అయినది.

ఫీజీలో 1875కు పూర్వం తట్టును ఎరిగినవారు లేరు. అంతకు ముందు అంటురోగాలు రాలేదని కాదు. 1800 ప్రాంతంలో పగిలిన ఓడతోపాటు వచ్చిన క్షయింపజేసే జబ్బును ఆ ప్రజలు లీలా బలావు అనే పేరుతో చాలాకాలం తలచుకొన్నారు. కాని తట్టుకు సముద్రమే అడ్డు. సోకిన పది పన్నెండు దినాలకు జ్వరం, మరి రెండు మూడు దినాలకు దద్దురు; దద్దురుకు నాలుగు దినాలు ముందూ, నాలుగు దినాలు వెనుకా మాత్రమే అది ఇతరులకు అంటుతుంది. తెరచాప ఓడలో కొద్దిమంది నావికులుంటే, తీరం చేరేలోగా ఆ గొలుసు తెగిపోయేది. ఓడల వేగమూ, ప్రయాణికుల సంఖ్యా పెరిగినకొద్దీ ఈ అడ్డు సన్నగిల్లింది.

1874 అక్టోబరు 10న లెవూకా పట్టణంలో రాతు సేరూ థాకొంబావు, మాఅఫు మొదలైన పెద్ద నాయకులు తమ దీవులను విక్టోరియా రాణికి అప్పగిస్తూ పత్రం మీద సంతకాలు చేసినారు. బ్రిటిషువారి పక్షాన సంతకం చేసినవాడు న్యూ సౌత్ వేల్స్ గవర్నరు సర్ హెర్క్యులిస్ రాబిన్‌సన్. అప్పగింత ముగిసిన పిమ్మట థాకొంబావును, ఆయన కుమారులను, పరిజనాన్ని డైడో అనే యుద్ధనౌకలో సిడ్నీ నగరానికి అతిథులుగా తీసికొనిపోయినారు. ఆ సమయానికి సిడ్నీలో తట్టు వ్యాపించి ఉన్నది. వృద్ధుడైన నాయకునికి అది సోకినది. వైద్యుల పర్యవేక్షణలో ఆయన కోలుకొన్నాడు. తిరుగు ప్రయాణంలో ఓడమీదనే ఆయన కుమారునికి, పరిజనంలో ఒకనికి తట్టు పోసినది.

1875 జనవరి 12న డైడో లెవూకా రేవు చేరినది. అంటురోగం ఉన్న ఓడ పసుపు జెండా ఎగురవేసి, రేవుకు దూరంగా నిలబడి ఉండవలెననేది నాటికే సముద్రయానంలో స్థిరపడిన ఆచారం. ఓడలో వైద్యుడున్నాడు. వచ్చిన జబ్బు ఏమిటో తెలియనిది కాదు. ఐనను జెండా ఎగురలేదు, ప్రయాణికులు దిగిపోయినారు. ఎందువల్ల? ఆంగ్ల నావికునికి తట్టు చిన్ననాటి ముచ్చట. తనకూ వచ్చినది, తన తమ్ములకూ వచ్చినది. దానికోసం ఒక రాజును రేవులో నిలబెట్టడం అతనికి అమర్యాదగా తోచి ఉంటుందని నా ఊహ. మనమే ఆ స్థానంలో ఉంటే వేరుగా ప్రవర్తించేవారమా అనేది ఆలోచించవలసిన ప్రశ్న.

దూరదేశం పోయివచ్చిన పెద్దను చూడడానికి నలుదిక్కులనుండి నాయకులు వచ్చినారు. కానుకలు తెచ్చినారు, ఆయన వద్ద కూర్చున్నారు, తిరిగి తమ తమ దీవులకు పడవలెక్కినారు. ఇంతలో మరొక సభ జరిగినది. వీటీలేవూ అనే పెద్ద దీవి నడుమ కొండలలో నివసించే తెగల నాయకులు అప్పగింత పత్రంతో సంబంధం లేనివారు. వారిని సమాధానపరచడానికి అప్పటి తాత్కాలిక పాలకుడు లేయర్డ్ జనవరి చివర నవూసో వద్ద వారిని సమావేశపరచినాడు. వారు అనుచరులతో కొండలు దిగి వచ్చినారు. క్రొత్త ప్రభుత్వం మంచిదని విన్నారు. తట్టును వెంటబెట్టుకొని కొండలెక్కినారు.

తరువాతి నాలుగు నెలలలో జరిగినదానిని వర్ణించడానికి పెద్ద మాటలు అవసరం లేదు. ఊరంతా ఒకేసారి పడకవేసినది. తల్లికీ బిడ్డకూ, తాతకూ మనుమనికీ ఒకే దినాన జ్వరం. మన ఊళ్ళో ఒక బిడ్డకు తట్టు పోస్తే తల్లి ప్రక్కన కూర్చుంటుంది, తండ్రి పొలానికి పోతాడు, అవ్వ గంజి కాస్తుంది. ఫీజీలో గంజి కాచేవారు లేరు. వర్షాకాలం; తోటలలో కందమూలాలు త్రవ్వేవారు లేరు, నీళ్ళు తెచ్చేవారు లేరు. జ్వరపు మంటకు తాళలేక చాలామంది ఏటి నీళ్ళలో పడుకొన్నారు. దద్దురు తగ్గినవారికి రక్తవిరేచనాలు, ఊపిరితిత్తుల వాపు పట్టుకొన్నవి. శవాలను పూడ్చే ఓపిక మిగలని ఊళ్ళున్నవి. సుమారు లక్షా ఏబది వేల జనాభాలో నలువది వేలమంది మరణించినారని ప్రభుత్వం అంచనా కట్టినది. ఆనాటికి జనగణన లేదు గనుక ఈ అంకెను తగ్గించి చెప్పే పండితులున్నారు. తగ్గించినా, ప్రతి నలుగురైదుగురిలో ఒకరు పోయినారని తేలుతుంది.

కొండ తెగలవారు దీనిని ఎట్లా అర్థం చేసుకొన్నారో ఊహించడం కష్టం కాదు. తమ భూమిని కోరే తెల్లవారు సభకు పిలిచినారు. సభకు వెళ్ళివచ్చిన నాయకులు చచ్చినారు. ఇది కావాలని చేసిన హత్య అని వారు నమ్మినారు. అప్పుడప్పుడే క్రైస్తవం తీసుకొన్న ఊళ్ళు దానిని విడిచి పాత దేవతలను మరల కొలిచినవి. 1876లో కొండలవారు తిరుగబడినారు. క్రొత్త గవర్నరు సర్ ఆర్థర్ గోర్డన్ తీరప్రాంతపు ఫీజీయులనే సైనికులుగా పంపి ఆ తిరుగుబాటును అణచినాడు. తెల్లవారి గ్రంథాలలో దానికి చిన్న యుద్ధమని పేరు. హత్య అన్న నమ్మకం తప్పే. కాని ఆ నమ్మకానికి దారితీసిన నిర్లక్ష్యం కల్పన కాదు.

ఇక్కడ ఒక వాదాన్ని పరిశీలింపక తప్పదు. ఆ దశాబ్దాలలో యూరపియను రచయితలు ఈ మరణాలకు రెండు కారణాలు చెబుతూ వచ్చినారు: ఒకటి, రోగులు మూర్ఖంగా చన్నీళ్ళలో పడుకోవడం, రెండు, ఆ జాతి స్వభావతః దుర్బలమైనది, నాగరికత ఎదుట నశింపక తప్పనిది. మొదటి దానిలో వైద్యదృష్టితో కొంత నిజం ఉండవచ్చును. రెండవదానికి సమాధానం 1846లోనే, ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవులలో లభించినది.

ఫారో దీవులు డెన్మార్కు ఏలుబడిలోనివి. అక్కడ 1781 తరువాత అరువది అయిదేండ్లు తట్టు లేదు. 1846 మార్చిలో కోపెన్‌హేగన్ నుండి వచ్చిన ఒక వడ్రంగితో అది దిగినది. 7,782 మంది జనాభాలో ఆరు వేలమందికి సోకినది. డెన్మార్కు ప్రభుత్వం ఇద్దరు యువవైద్యులను పంపినది. వారిలో పీటర్ లుడ్విగ్ పానుమ్ అనే ఇరువదియైదేండ్ల యువకుడు ఊరూరా పడవలో తిరిగి, ఎవరు ఎవరిని ఏనాడు కలిశారో, ఎన్ని దినాలకు దద్దురు వచ్చినదో వ్రాసికొన్నాడు. సోకిన పదమూడు పదునాలుగు దినాలకు దద్దురు కనబడుతుందని నిర్ణయించినాడు. 1781లో తట్టు వచ్చిపోయిన ముదుసలులలో ఒక్కరికీ అది తిరిగి రాలేదని కనుగొన్నాడు. అంటురోగ శాస్త్రంలో అతని నివేదిక నేటికీ పాఠ్యం. మనకిక్కడ కావలసిన సంగతి వేరొకటి. ఫారోలో కూడ వయసు మళ్ళినవారికి తప్ప తక్కినవారికి ఆ జబ్బు పూర్తిగా క్రొత్తదే. ఊళ్ళకు ఊళ్ళే పడకవేసినవి. ఐనా మరణాలు ఫీజీతో పోల్చదగినవి కావు. వందకు ఇద్దరికి మించలేదు. ఒకచోట వైద్యుడు వచ్చినాడు, ఆహారం ఉన్నది, కోలుకొన్నవారు పరిచర్యకు మిగిలినారు. మరొకచోట ఇవేవీ లేవు. శరీరతత్త్వంలో భేదం ఉన్నదేమో పండితులు తేల్చవలసిన విషయం. కాని గంజి నీళ్ళు ఇచ్చేవాడు లేక చచ్చినవానిని జాతి దౌర్బల్యంచేత చచ్చినాడనడం న్యాయం కాదు.

నశించే జాతి అన్న మాట మాత్రం పాలకుల మనస్సులో నాటుకొన్నది. 1875 జూన్‌లో గోర్డన్ దిగేనాటికి దేశం శ్మశానంవలె ఉన్నది. అతడు అంతకుముందు ట్రినిడాడ్, మారిషస్ దీవులలో గవర్నరుగా ఉండి, చెరకు తోటలలో భారతీయ కూలీల పనిని కన్నులార చూసినవాడు. ఫీజీయుల భూములను అమ్మకానికి పెట్టరాదని, వారిని ఊళ్ళు విడిపించి తోటల కూలీలుగా చేయరాదని నిశ్చయించినాడు. వారి భూములు నేటికీ అత్యధిక భాగం వారి చేతిలో ఉన్నవంటే ఆ నిశ్చయం ఒక కారణం. కాని సామ్రాజ్యానికి ఖర్చు గిట్టుబాటు కావలెను, చెరకు పండవలెను, చేతులు కావలెను. తట్టు ఒక్కటే మనవారిని ఫీజీకి రప్పించినదంటే అతిశయోక్తి అవుతుంది. తట్టు లేకపోతే ఆ నిర్ణయం అంత తొందరగా, అంత దృఢంగా జరిగి ఉండేదా అనేది సందేహమే.

1879 మే నెలలో లియోనిడాస్ అనే ఓడ కలకత్తా నుండి తొలి కూలీలను లెవూకాకు తెచ్చినది. ఓడలో కలరా, స్ఫోటకం ఉన్నవి. ఈసారి పాలకులు ఆలస్యం చేయలేదు. కూలీలను యనూథా లైలై అనే చిన్న దీవిలో దింపి, దాదాపు మూడు నెలలు అక్కడనే కావలి పెట్టినారు. నాలుగేండ్ల క్రిందట రాజకుమారునికి ఎగురని పసుపు జెండా కూలీలకు ఎగిరినది. పాఠం నేర్చుకొన్నారనవచ్చును. ఎవరిమీద ఆ పాఠాన్ని ప్రయోగించినారో కూడ గమనించవచ్చును.

1903 నుండి మద్రాసు రేవునుండి ఓడలు బయలుదేరినవి. 1916 వరకు ఫీజీ చేరిన అరువది వేల పైచిలుకు కూలీలలో నాలుగవ వంతు మద్రాసు ఓడలలో పోయినవారు. ఉత్తర ఆర్కాటు, మద్రాసు, కృష్ణా, గోదావరి, విశాఖపట్టణం, మలబారు జిల్లాలనుండి తమిళులు, తెలుగువారు, మలయాళులు కలిసి వెళ్ళినారు. అక్కడ అందరూ మద్రాసీలే. అగ్రిమెంటు అనే మాట వారి నోట గిర్మిట్ అయినది. తెరచాప ఓడల కాలంలో కలకత్తా ప్రయాణం డెబ్బది దినాలు పైబడి పట్టేది. ఆవిరి ఓడలు దానిని ముప్పది దినాలకు తగ్గించినవి. ప్రయాణికునికి అది సుఖమే. కాని పిల్లలతో క్రిక్కిరిసిన ఓడలో ముప్పది దినాలు తట్టుకు రెండు మూడు మెట్లు మాత్రమే. తట్టు ఉన్న కూలీ ఓడలు ఒకటికి రెండు కాదు. వాటిని నిర్బంధ దీవులలో ఆపవలసివచ్చినది. సముద్రం మీద పోయిన పసివారికి దహనమూ లేదు, ఖననమూ లేదు.

ఫీజీయుల సంఖ్య 1881 జనగణనలో 1,14,748. 1921 నాటికి 84,475. ఆ తరువాత పెరగసాగినది. నశించే జాతి నశించలేదు. 1946లో భారతసంతతివారి సంఖ్య 1,20,414, ఫీజీయులది 1,18,070. ఈ రెండు అంకెల చుట్టూ ఆ దేశపు రాజకీయం అర్ధశతాబ్దం తిరిగినది; 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత భారతసంతతివారు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా, న్యూజీలాండులకు తరలిపోయినారు. వారిలో మన భాష పేరు మాత్రం మిగిలిన కుటుంబాలున్నవి. ఒక ఓడ జెండా ఎగురవేయకపోవడం ఇంత దూరం వచ్చినదని చెబితే కథకులు సైతం నమ్మరు.

గిర్మిట్ కూలీ ప్రతి ఒక్కనికీ ఒక ప్రయాణపత్రం ఉండేది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, చివరగా శరీరం మీది గుర్తులు. మచ్చ మిగిల్చే జబ్బుకు ఆ పత్రంలో చోటున్నది. తట్టు మచ్చ మిగల్చదు. అది మిగిల్చే నష్టం లోపలిది. తట్టు నుండి కోలుకొన్న శరీరం అంతకుముందు ఇతర రోగాలపై సంపాదించుకొన్న రక్షణను చాలవరకు మరచిపోతుందని 2019లో జరిగిన పరిశోధనలు తేల్చినవి. ఫీజీలో దద్దురు తగ్గినవారు రక్తవిరేచనాలతో, ఊపిరితిత్తుల వాపుతో ఎందుకు పోయినారో దీనినిబట్టి కొంత అర్థమవుతుంది. తట్టు తగ్గిన బిడ్డను చాలా రోజులు బయటికి పంపని మన అవ్వల పట్టుదలను ఇక ఎవరూ పరిహసించరనుకొంటాను.

వైరసును 1954లో బోస్టను నగరంలో ఎండర్స్, పీబుల్స్ అనే శాస్త్రజ్ఞులు ఒక పాఠశాల బాలుని రక్తంనుండి వేరుచేసినారు. 1963లో టీకా వచ్చినది. మన దేశంలో 1985 నుండి అది సార్వత్రిక కార్యక్రమంలో చేరి, ఏటేటా మరణాలు తగ్గుతూ వచ్చినవి. వేపమండలు కట్టే గుమ్మాలు అరుదైనవి.

2019లో ఫీజీకి ఇరుగుపొరుగైన సమోవా దీవులలో తట్టు మరల పుట్టినది. అంతకు ముందటి ఏడు ఇద్దరు నర్సులు టీకా మందును నీటితో కాక పొరపాటున మరొక మందుతో కలిపి ఇచ్చినందున ఇద్దరు శిశువులు మరణించినారు. దానితో ప్రజలకు టీకా మీద నమ్మకం పోయినది. టీకా వేసికొన్న పిల్లల నిష్పత్తి మూడవ వంతుకు దిగిపోయినది. రెండు లక్షల జనాభాలో అయిదు వేల ఏడువందలమందికి తట్టు సోకి, 83 మంది చనిపోయినారు. వారిలో అత్యధికులు అయిదేండ్ల లోపువారు. అదే కాలంలో ఫీజీలో కూడ తట్టు కనబడినది. టీకాలు సాగుతూ ఉన్నందున అక్కడ ఒక్కరూ పోలేదు. డిసెంబరు మొదటివారంలో సమోవా ప్రభుత్వం రెండు దినాలు కార్యాలయాలన్నీ మూసివేసి, ఉద్యోగులను ఇంటింటికి పంపినది. టీకా వేసికోనివారున్న ఇళ్ళవారు వాకిట ఎర్రని గుడ్డ కట్టి ఉంచవలెనని చాటించినది. ఆ ఉదయం ఊళ్ళ దారులవెంట ఎర్ర గుడ్డలు వ్రేలాడినవి. టీకా వేసేవారు వాటిని చూచుకొంటూ ఒక్కొక్క వాకిటనే ఆగినారు.